అద్దెకిచ్చిన సాక్ష్యము



ప్రకటనలలోని శోధనను గూర్చి మాటలాడుమని నన్ను కోరియున్నారు. ప్రకటనలను చూచుటకు మనము దూరము పోనక్కరలేదు. అమీర్‌పేట మెట్రో దిగి మైత్రీవనం వైపు నడచిన చాలును. కోర్సు పేరు, ఉద్యోగపు మాట, నవ్వు ముఖము గోడల నిండ కనబడును. ప్రకటన అంతయు పాపమని నేననను. ఊరు విడిచి హాస్టలులో చేరిన బిడ్డకు ఏ విద్య ఎక్కడ దొరకునో తెలియవలెను గదా.

శోధన అనగానే కొనువాని ఆశనే తలంచెదము. కాని చెప్పువానికిని ఒక శోధన కలదు. 2025 మార్చిలో బెట్టింగ్ యాప్‌లకు ప్రచారము చేసిరన్న ఆరోపణపై మన పంజాగుట్ట పోలీసులు సోషల్ మీడియాలో పేరున్న 11 మందిపై కేసు పెట్టిరి. నిజము తేల్చవలసినది న్యాయస్థానము. తీర్పు తీర్చుట మన పని కాదు. అయితే ఒక్కటి ఆలోచింపుడి. తెలంగాణలో డబ్బు పందెపు ఆన్‌లైన్ ఆటలను 2017లోనే నిషేధించిరి. అయినను అవి మన బిడ్డల ఫోనులలోనికి ఎట్లు వచ్చినవి? ముక్కు మొగము తెలియనివాడు పిలిచిన ఎవరును పోరు. రోజూ చూచు ముఖము "నేను గెలిచితిని" అనిన నమ్ముదురు. యాప్ యజమాని డబ్బిచ్చి కొనునది ఆ నమ్మకమునే.

సాక్ష్యము అను మాట మన సంఘములో ఎంత విలువైనదో మీకు తెలియును. తాను వాడని దానిని వాడితినని సొమ్ము పుచ్చుకొని చెప్పుట అబద్ధ సాక్ష్యము గాక మరేమి? పది ఆజ్ఞలలో దానికి ప్రత్యేకముగా ఒక ఆజ్ఞయే యున్నది. అది కోర్టు బోనులో నిలిచినవానికి మాత్రమే కాదు, కెమెరా ముందు నిలిచినవానికిని చెందును.

దేశచట్టమును ఇంచుమించు ఇదే చెప్పుచున్నది. 2019 వినియోగదారుల రక్షణ చట్టము క్రింద తప్పుదారి పట్టించు ప్రకటనలో వస్తువును మెచ్చినవానికి సయితము 10 లక్షల రూపాయల వరకు జరిమానా విధింపవచ్చును. ఆ మాట నిజమేనా అని తగు జాగ్రత్తతో విచారించినవానికి శిక్ష లేదు. 2024 నవంబరులో కోచింగ్ సంస్థలకు వచ్చిన కేంద్ర నియమముల ప్రకారము ఉద్యోగము ఖాయమని బూటకపు హామీ ఇయ్యరాదు. విద్యార్థి వ్రాతపూర్వక సమ్మతి లేక ఫోటో వేయరాదు. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టము డబ్బు పందెపు ఆన్‌లైన్ ఆటల ప్రకటనకు 2 సంవత్సరముల వరకు జైలు, 50 లక్షల వరకు జరిమానా నిర్ణయించినది.

చట్టము పెద్ద ముఖములను పట్టుకొనును. మనకు వచ్చు శోధన చిన్నది. స్నేహితునికి లింకు పంపిన ఖాతాలో కొంత సొమ్ము పడును. చేరని కోర్సును మెచ్చి నాలుగు మాటలు వ్రాసిన ఏదో రాయితీ దొరకును. అరణ్యములో శోధకుడు ప్రభువు నొద్దకు వచ్చినది ఆయన ఆకలిగొన్న వేళనే. ఉద్యోగము దొరకక, హాస్టలు అద్దె బాకీపడిన కుర్రవానికిని శోధన ఆ వేళనే వచ్చును. కాబట్టి అతనిని మందలించిన చాలదు. ఆ నెల అద్దెకు చేయూతనిచ్చుట కూడ సంఘము పనియే.

యౌవనస్థులారా, లింకు పంపకముందు మూడు ప్రశ్నలు వేసికొనుడి. ఇది నేను స్వయముగా చూచితినా? దీనిని నా చెల్లెలికి చెప్పుదునా? నాకు డబ్బు ముట్టునని వినువానికి తెలిపితినా? ఒక్కదానికైనను 'లేదు' అని జవాబు వచ్చిన యెడల ఆ సొమ్ము మనకు వద్దు.