కీర్తిశేషులు కాని వారు

వార్తలు ముగిసిన తరువాత చదువుటకు మా బల్లమీదికి ఒక్కొక్కనాడు ఒక చిన్న చీటీ వచ్చెడిది. ఉద్యోగంలో చేరిన క్రొత్తలో నేను చదివిన అటువంటి చీటీలు కొన్ని ఇప్పటికీ జ్ఞాపకమున్నవి. ‘కనబడుటలేదు’ అని ఆరంభం. తరువాత వయస్సు, ఎత్తు, చామనచాయ, ఇల్లు విడిచిననాడు తొడుగుకొన్న చొక్కా రంగు, ఎడమ చెంపమీది పుట్టుమచ్చ. చివర ఏ తండ్రియో వ్రాసియిచ్చిన రెండు మాటలు: ‘అమ్మ మంచం పట్టినది. నిన్ను ఎవరూ ఏమీ అనరు.’ ఆ రెండు మాటలు చదువుటకు ముందు గొంతు సరిచేసికొనవలసి వచ్చెడిది.

ఎంత దుఃఖం ఉన్నను ఆ ప్రకటనలో ఒక ఆశ ఉన్నది. పోయినవాడు ఎక్కడనో ఒకచోట ఉన్నాడు, ఏ కాఫీ హోటలులోనో నిలబడి ఈ మాట వినవచ్చునన్న ఆశ. నేటి నా ప్రసంగం అట్టి ప్రకటనకు సైతం నోచుకొనని కుటుంబాలను గురించి. ఇల్లు విడిచి పోవుటతో తృప్తి చెందక, తాము మరణించినట్లు నిదర్శనాలు అమర్చి మరీ పోయినవారు లోకంలో ఉన్నారు. ఒడ్డున విడిచిన బట్టలు, నీటిమీద తిరగబడిన పడవ, కాలిపోయిన కారు, వారు ఇంటికి వ్రాసిన ఉత్తరాలు ఇవే. వారి కొరకు రేడియోలో ఎవరూ పిలువరు. చనిపోయినవానిని పిలుచుట ఎట్లు?

మా శాఖకు కొంత చుట్టరికం గల మనిషితో ప్రారంభించెదను. జాన్ స్టోన్‌హౌస్ అను నాయన బ్రిటిష్ పార్లమెంటులో లేబర్ పక్షపు సభ్యుడు. 1968లో ఆ దేశపు పోస్టుమాస్టర్ జనరల్ పదవిని నిర్వహించినాడు. ఉత్తరాలే కాక రేడియో లైసెన్సులు సహితం ఆనాడు అక్కడ ఆ పదవి క్రిందివే. అటుపిమ్మట వ్యాపారాలలో దిగి అప్పులపాలైనాడు. 1974 నవంబరు 20న అమెరికాలోని మయామీ సముద్రతీరంలో ఆయన బట్టలు మాత్రమే మిగిలినవి. ఈతకు పోయి మునిగిపోయినాడని లోకం అనుకొన్నది. ఇంగ్లండులో భార్య, ముగ్గురు బిడ్డలు కూడ అట్లే అనుకొన్నారు.

ఆయన ఆస్ట్రేలియాలో తేలినాడు. మెల్బోర్న్ నగరంలో వేరు వేరు పేర్లతో సొమ్ము జమచేయుచున్న ఈ ఆంగ్లేయుని చూచి ఒక బ్యాంకు ఉద్యోగి అనుమానించినాడు. పోలీసులు మొదట ఆయనను లార్డ్ లూకన్ అని భ్రమించినారట. తన ఇంటి ఆయా హత్యకు గురియైన తరువాత ఆ ప్రభువు అదే నవంబరులో మాయమై యుండెను. డిసెంబరు 24న తీరా పట్టుకొని చూడగా దొరికినవాడు లూకన్ కాడు, మునిగిపోయిన పార్లమెంటు సభ్యుడు. 1976లో మోసం, దొంగతనం నేరాలపై ఏడేండ్ల శిక్ష పడినది. రెండేండ్లకు భార్య విడాకులు పొందినది. ఆయన తన కార్యదర్శినిని తరువాత వివాహమాడినాడు.

ఈ కథలో పత్రికలు ఎక్కువగా వ్రాసినది ఆ కార్యదర్శినిని గురించి. నా మనస్సు మాత్రం మరొకచోట ఆగినది. దొంగ పాస్‌పోర్టు కొరకు, బ్యాంకు లెక్కల కొరకు ఆయన వాడిన పేర్లు కల్పితాలు కావు. తన నియోజకవర్గంలో నిజంగా మరణించిన ఇద్దరు పురుషుల పేర్లు. ఎం.పి. హోదాలో వారి భార్యలను కలిసి, మాటలలో పెట్టి, కావలసిన వివరాలు రాబట్టినాడు. తాము ఎన్నుకొన్న ప్రతినిధి స్వయంగా వచ్చి తమ కష్టసుఖాలు విచారించుచున్నాడని ఆ ఇల్లాండ్రు సంతోషించియే ఉండవచ్చును. బూటకపు చావునకు పెట్టుబడి ఎప్పుడూ ఎవరిదో ఒకరి నిజమైన చావు.

ఇంగ్లండులోనే జరిగిన మరొక ఉదంతం దీనికన్న చిన్నది, దీనికన్న బాధాకరమైనది. ఇందులో మంత్రులు లేరు, పేరుప్రతిష్ఠలు లేవు. జాన్ డార్విన్ ఒకప్పుడు బడిపంతులు, అప్పటికి కారాగారంలో ఉద్యోగి. భార్య ఆన్ వైద్యుని కార్యాలయంలో పనిచేయుచుండెను. ఇద్దరు కుమారులు, పెద్దవారైనారు. అద్దె వచ్చునను ఆశతో అప్పుచేసి ఇండ్లు కొని, ఆ అప్పు తీర్చలేక దంపతులు చిక్కుపడినారు. 2002 మార్చి 21న ఈశాన్య తీరంలోని సీటన్ కేరూ వద్ద డార్విన్ ఒక చిన్న తెడ్డుపడవ వేసికొని సముద్రంలోనికి పోయినాడు. పడవలు వెదకినవి, విమానం వెదకినది. తెడ్డు దొరికినది, కొన్ని వారాలకు విరిగిన పడవ దొరికినది, మనిషి దొరకలేదు. మరుసటి సంవత్సరం విచారణ జరిగి ఆయన మృతుడుగా నిర్ణయింపబడినాడు. బీమా, పింఛను రూపంలో భార్యకు సుమారు 2,50,000 పౌన్లు ముట్టినవి.

మనిషి ఎక్కడ ఉన్నాడందురు? ప్రక్కయింటిలో! ఆ దంపతులకు ఒకదానినానుకొని ఒకటి రెండు ఇండ్లు ఉండినవి. నడిమి గోడకు ఒక రంధ్రం, దానికి అడ్డంగా బట్టల బీరువా. తండ్రి పోయినాడని ఏడ్చుచు కుమారులు తల్లిని ఓదార్చుటకు వచ్చినప్పుడు తండ్రి గోడకు ఆవల ఊపిరి బిగబట్టుకొని ఉన్నాడు. తల్లి ఈవల కొడుకుల చేతులు పట్టుకొని ఉన్నది. పాస్‌పోర్టు కొరకు ఆయన సంపాదించిన పేరు, పసితనంలోనే మరణించిన ఒక బిడ్డది. మరల అదే పద్ధతి, గమనించితిరి కదా.

అయిదు సంవత్సరాల ఎనిమిది మాసాలు ఇట్లు గడచినవి. ఈలోగా భార్యాభర్తలు మధ్య అమెరికాలోని పనామాకు కాపురం మార్చుటకు ఏర్పాట్లు చేసికొన్నారు. 2007 డిసెంబరు 1న డార్విన్ లండనులోని ఒక పోలీసు స్టేషనుకు తానే నడచిపోయి, గడచిన సంవత్సరాలేవీ తనకు జ్ఞాపకం లేవని చెప్పినాడు. కుమారులకు కబురు పోయినది. వారి సంతోషం ఎట్టిదో మనం ఊహించుకొనవచ్చును. ఆ సంతోషం నిండా వారం దినాలు నిలువలేదు. ఒక సాధారణ పాఠకురాలు ఇంటర్నెట్‌లో ఆ దంపతుల పేర్లకు పనామా అను మాట చేర్చి వెదకగా ఒక ఛాయాచిత్రం బయటపడినది. 2006 జూలైలో పనామాలో తీసిన చిత్రం. మృతుడు, అతని విధవరాలు, ఇద్దరూ చిరునవ్వుతో నిలబడి ఉన్నారు.

2008లో న్యాయస్థానంలో కుమారులు తల్లికి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పినారు. భర్త బలవంతం వలన చేసితినని ఆమె చేసికొన్న వాదం నిలువలేదు. భర్తకు ఆరేండ్ల మూడు మాసాలు, భార్యకు ఆరున్నర ఏండ్లు శిక్ష. నేరం తానే ఒప్పుకొన్నవానికి తక్కువ, ఒప్పుకొననామెకు ఎక్కువ. బీమా కంపెనీకి కలిగిన నష్టాన్ని లెక్కకట్టుటకు పద్ధతులున్నవి. ఆ ఇద్దరు యువకులు లేని చావునకు ఏడ్చిన ఏడుపును ఏ లెక్కలో జమకట్టుదురు? తండ్రి దొరికిననాడే వారికి తల్లియు తండ్రియు ఇద్దరూ పోయినారు.

ఇట్టివారు పట్టుబడిన పిమ్మట చెప్పెడి మాట ఒకటి ఉన్నది: ‘కుటుంబం కొరకే చేసితిమి.’ నాకు నమ్మకం లేదు. అప్పులవాని ఎదుట నిలబడుటకు చాలని ధైర్యం భార్యాబిడ్డలను విడుచుటకు మాత్రం చాలినదే! మన దేశంలో, కేరళలో 1984 జనవరిలో సుకుమార కురుప్ అనునతడు ఇంకను క్రిందికి దిగినాడు. గల్ఫులో ఉద్యోగం చేసినవాడు, బీమా సొమ్ము ఆశించినవాడు. తనవలె కనిపించు శవం కొరకు వెదకి, దొరకక, రాత్రివేళ దారిలో బండి కొరకు నిలుచున్న ఒక చలనచిత్ర ప్రతినిధిని తన సహచరులతో కూడి కారులో ఎక్కించుకొని చంపించి, కారుతో సహా మావేలిక్కర సమీపంలో తగులబెట్టించినాడు. సహచరులకు యావజ్జీవ శిక్షలు పడినవి. కురుప్ ఎన్నడూ చిక్కలేదు. ఆ రాత్రి ఇంటికి చేరని ఆ ప్రతినిధి భార్య అప్పటికి గర్భవతి.

ఇక మనిషి జాడ తెలియని కుటుంబం ఏమి చేయవలెనను ప్రశ్న మన పెద్దలకు క్రొత్తది కాదు. సాధారణంగా పండ్రెండేండ్లు ఎదురుచూచి, అప్పటికీ వార్త తెలియనిచో దర్భలతోనో మోదుగ ఆకులతోనో బొమ్మ చేసి దహనక్రియ జరుపుట ఆచారం. ఇంతకన్న నన్ను ఆశ్చర్యపరచినది దాని తరువాతి విధి. కర్మ జరిగిపోయిన పిమ్మట మనిషి సజీవుడై తిరిగివచ్చినచో అతనికి నేతితో స్నానం చేయించి, జాతకర్మ మొదలు సంస్కారాలన్నీ మరల జరిపి, తన భార్యనే అతడు మరల వివాహమాడవలెనట. పోయినవాడు, వచ్చినవాడు ఒకడు కాడని ఆ శాస్త్రకారులకు ఎట్లు తెలిసినదో!

చట్టం పండ్రెండును ఏడు చేసినది. సహజంగా ఎవరికి కబురు తెలియవలెనో వారికి ఏడేండ్లు ఏ కబురూ తెలియనిచో, ఆ మనిషి బ్రతికియున్నాడని వాదించువాడే ఋజువు చూపవలెనని 1872 నాటి సాక్ష్య చట్టం చెప్పినది. 2024 జూలై 1 నుండి దాని స్థానంలో అమలుకు వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలోను ఈ నియమం కొనసాగుచున్నది. 1955 నాటి హిందూ వివాహ చట్టం కూడ ఏడేండ్లు ఆచూకీ లేని భర్తనుండి విడాకులు కోరుటకు భార్యకు హక్కు ఇచ్చినది. అయితే ఒక మెలిక గృహిణులు గుర్తుంచుకొనదగినది. ఏడేండ్ల తరువాత మరణాన్ని ఊహింపవచ్చును గాని, ఏ దినాన మరణించినాడన్నది ఊహకు రాదని, తేదీ కావలసినవారు దానిని వేరుగా ఋజువు చేయవలెనని సుప్రీంకోర్టు 2004లో ఒక జీవితబీమా వివాదంలో తీర్పు చెప్పినది. అనగా పోయినవాని పేర బీమా ఉన్నచో, అతడు మాయమైననాడే చనిపోయినాడని తలచి ప్రీమియం కట్టుట మానినవారికి ఆ సొమ్ము దక్కకపోవచ్చును. ఏడేండ్లు ఎదురుచూచుటయే కాదు, ఆ ఏడేండ్లు వాయిదాలు కూడ చెల్లించవలెను.

చట్టం మాట వచ్చినప్పుడెల్ల నాకు మా వీధిలోని ఒకామె జ్ఞప్తికి వచ్చును. నా బాల్యంలో మేము గోదావరి ఒడ్డున ఒక ఊరిలో ఉంటిమి. మా ఇంటికి నాలుగిండ్ల అవతల ఒక గుమాస్తాగారు ఉండెడివారు. జీతం చాలక చిట్టీలు నడపెడివారు. ఒక కార్తిక మాసపు తెల్లవారుజామున స్నానఘట్టం మెట్లమీద ఆయన కండువా, చెప్పులు కనబడినవి. పడవలవారు రెండు దినాలు వలలు వేసినారు. శవం తేలలేదు. ఇంటిలో భార్య, ఇద్దరు ఆడపిల్లలు. ఊరివారు అయ్యో అన్నారు. చిట్టీలు కట్టినవారు కూడ మొదటి నెల అయ్యో అన్నారు.

ఆమె మా అమ్మతో మాత్రం ఒక మాట చెప్పినది. ‘వదినగారూ, మెట్లమీద ఉన్నవి పాత చెప్పులు. దీపావళికి కొన్న క్రొత్తజత ఇంటిలో లేదు.’ ఈ మాట ఆమె మరెవరితోను అనలేదు. బ్రతికియున్నాడన్నచో, దాచినది నీవేనని అప్పులవారు గుమ్మం విడువరు. పోయినాడన్నచో తన చేతులతో తానే బొట్టు తుడుచుకొనవలెను. ఏదియు అనక, అప్పడాలు ఒత్తి, ఊరగాయలు పెట్టి, మెడలోని గొలుసు అమ్మి, ఒక్కొక్క చిట్టీ తీర్చినది. పురోహితుడు కర్మ మాట తెచ్చినప్పుడెల్ల ‘చూతము లెండి’ అనెడిది. పేరంటాలకు ఆమెను పిలువవలెనో మానవలెనో ఎవరికీ తోచక, పిలుచుట మానినారు. మా అమ్మ మాత్రం ప్రతి శ్రావణ శుక్రవారం వాయనం తానే పట్టుకొనిపోయి ఇచ్చి వచ్చెడిది.

పెద్దపిల్ల పెండ్లి కుదిరినది. అప్పటికి పదునాలుగేండ్లు. శుభలేఖ అచ్చువేయించుటకు ఆమె మా అమ్మను తోడు తీసికొని ముద్రణాలయానికి పోయినది. అక్కడి ఆయన కాగితం చూచి, ‘పిల్ల తండ్రిగారి పేరు ముందు శ్రీ పెట్టమందురా, కీ.శే. పెట్టమందురా అమ్మా?’ అని అడిగినాడు. అందులో అతని తప్పు లేదు. అది అతడు దినానికి పదిసార్లు అడుగవలసిన ప్రశ్న. ఆమె కొంతసేపు ఊరకుండి, ‘ఏదీ వద్దు నాయనా, పేరు ఒక్కటే వేయండి’ అన్నదట.

ఆ శుభలేఖ మా అమ్మ ట్రంకు పెట్టెలో చాలకాలం ఉండినది. పెండ్లికుమారుని తండ్రికి శ్రీ ఉన్నది, తాతగారికి కీ.శే. ఉన్నది. పెండ్లికూతురి తండ్రి పేరు ముందు మాత్రం రెండక్షరాలు పట్టునంత ఖాళీ ఉన్నది.