పంపే ముందు ఒక్క క్షణం

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మన భాష గురించి, ఆటపాటల గురించి ఇంతసేపూ విన్నారు. నేను మీ చేతిలోని ఫోన్ గురించి నాలుగు మాటలు చెబుతాను.

మా హాస్టల్లో పిల్లల దగ్గర ఫోన్లు ఉండవు. అయినా ఫోన్లో జరిగిన గొడవ హాస్టల్ దాకా వస్తుంది. ఒకసారి సంక్రాంతి సెలవులయ్యాక తిరిగొచ్చిన ఒక అమ్మాయి భోజనాల లైన్లోకి రావడం మానేసింది. అందరూ తిని వెళ్లాక వచ్చేది. ఆరా తీస్తే తెలిసింది. ఆమె అన్నం తింటున్న ఫోటోను స్టిక్కర్‌గా చేసి, కింద ఆమె యాసను వెక్కిరిస్తూ రాసి, వాట్సాప్ గ్రూపులో తిప్పారు. చేసినవాళ్లూ మన పిల్లలే.

అడిగితే ఒక్కొక్కరిదీ ఒక్కో మాట. "జోక్ మేడం." "నేను ఫార్వర్డ్ చేశానంతే." "అందరూ నవ్వారు, నేనూ నవ్వాను." "ఎవరం కొట్టలేదు కదా." "ఆ ఫోటో తనెందుకు పెట్టింది?"

వాళ్లు చెడ్డపిల్లలు కారు. పక్కమంచం పిల్లకి జ్వరమొస్తే రాత్రంతా తడిగుడ్డ వేసినవాళ్లే. మంచివాళ్లు కూడా మనస్సాక్షిని పక్కనపెట్టి తప్పు ఎలా చేయగలరో మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బండూరా వివరించారు. తప్పుకు చిన్న పేరు పెడతాం. బాధ్యతను గుంపు మీదకు నెడతాం. తగిలిన దెబ్బను తక్కువ చేస్తాం. చివరికి దెబ్బతిన్నవాళ్లదే తప్పంటాం. పిల్లలు నాతో అన్న మాటలన్నీ ఇవే. ఎదురుగా ఉంటే ఆ ముఖం చూసి మన నోరు ఆగుతుంది. ఫోన్లో ఆ ముఖం కనపడదు.

మన యాసను, తిండిని బయటివాళ్లు వెక్కిరిస్తే ఎలా ఉంటుందో మనకు ఒకరు చెప్పక్కర్లేదు. వాళ్లు కావాలని నలుగురిలో కించపరిస్తే 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఉంది. మనవాళ్లే మనల్ని కించపరిస్తే ఆ చట్టం వర్తించదు. అక్కడ కాపాడాల్సింది మనమే.

కాబట్టి పంపే ముందు ఒకటి అడుక్కోండి: ఈ మాట ఆ పిల్ల ముందు నిలబడి, వాళ్లమ్మ వింటుండగా అనగలనా?

గ్రూపులో చూసినవాళ్లు నవ్వే బొమ్మ పెట్టకండి. "ఆపండి" అని ఒక్కరు రాస్తే చాలు. అందరిలో రాయడానికి భయమైతే, ఆ పిల్లకి విడిగా ఫోన్ చేయండి. మా అమ్మాయిని లైన్లోకి తెచ్చింది నా మందలింపులు కావు. ఒక స్నేహితురాలు తన పళ్లెంతో పాటు ఆమె పళ్లెమూ పట్టుకొచ్చి పక్కన నిలబడింది.

బాధపడుతున్నవాళ్లు స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి. నమ్మకమైన పెద్దవాళ్లకు చెప్పండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098. మనసు కుంగిపోతే టెలీ మానస్ 14416. రెండూ ఉచితమే.

కాసేపట్లో ధింసా ఆడతారు. వీడియోలు తీస్తారు. అందులో ఎవరిదో అడుగు తప్పుతుంది. ఆ ముక్క కత్తిరించి గ్రూపులో పెట్టాలనిపిస్తే, నా మాట గుర్తు చేసుకోండి.