కాన్పు తరువాతి షుగరు, కాలేయంలో కొవ్వు

గర్భిణికి వచ్చిన షుగరు కాన్పుతో పోతుందన్నది సగమే నిజం. మాయ నుంచి వచ్చే హార్మోన్లు ఇన్సులిన్ పనికి అడ్డుపడతాయి. క్లోమం ఆ లోటు పూడ్చలేనప్పుడు రక్తంలో చక్కెర పెరుగుతుంది. మాయ పడ్డాక చాలామందిలో చక్కెర దిగుతుంది గానీ క్లోమం బలహీనత అలాగే ఉండిపోతుంది. గర్భంతో ఉండగా షుగరు వచ్చిన స్త్రీలకు ఆ తరువాత టైప్ 2 మధుమేహం వచ్చే అవకాశం మిగతావారికంటే ఏడు రెట్లకు పైనేనని 2009లో లాన్సెట్ పత్రికలో వచ్చిన విశ్లేషణ తేల్చింది.

ఈ ముప్పును పెంచేవాటిలో కాలేయంలోని కొవ్వు ఒకటి. దాన్ని పట్టించుకునేవారే తక్కువ. రాత్రి నిద్రలో రక్తానికి చక్కెర అందించేది కాలేయం, ఇక చాలని ఆపేది ఇన్సులిన్. కొవ్వు పట్టిన కాలేయం ఆ మాట వినదు. పరగడుపు చక్కెర పెరుగుతుంది, క్లోమం ఇంకా ఇన్సులిన్ చేయాల్సివస్తుంది, ఆ ఎక్కువైన ఇన్సులిన్ కాలేయంలో మరింత కొవ్వు పోగుచేస్తుంది. గర్భం నాడే అలిసిన క్లోమం దీన్ని ఎన్నాళ్లో తట్టుకోలేదు. సన్నగా కనిపించే స్త్రీలూ దీనికి మినహాయింపు కాదు. నొప్పి ఉండదు. స్కానింగు రిపోర్టులో 'గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్' అన్న ఒక్క వరుస ఉంటుంది, ఆ కాగితం మడతపడి బీరువాలోకి పోతుంది.

2021లో కేంద్ర ప్రభుత్వం ఫ్యాటీ లివర్‌ను మధుమేహం, గుండెజబ్బుల జాతీయ కార్యక్రమంలో చేర్చింది. ఇక గర్భకాల షుగరు వచ్చినవారికి కాన్పైన ఆరో వారంలో, పరగడుపున ఒకసారి, 75 గ్రాముల గ్లూకోజు తాగిన రెండు గంటలకు మరోసారి రక్తం చూడాలి. పరగడుపున 126 గానీ, రెండు గంటలకు 200 గానీ చేరితే అది మధుమేహమే.

చిక్కంతా ఈ పరీక్ష దగ్గరే. కోనసీమలోని ఐ.పోలవరం చుట్టుపక్కల పల్లెల్లో తొలి కాన్పు పుట్టింట్లో జరగడం ఆనవాయితీ. తరువాత సారెతో అత్తవారింటికి పంపుతారు. కాన్పు చీటీ ఒక ఊళ్లో, బాలింత ఇంకో ఊళ్లో. అయితే ఆరో వారంలో బిడ్డకు పెంటావాలెంట్ టీకా ఉంటుంది, దానికి తల్లి తప్పకుండా వస్తుంది. ముందురోజే ఆశా కార్యకర్త 'పరగడుపున రా అమ్మా' అని చెబితే రెండు పనులూ ఒకే పూటలో అవుతాయి. కొత్తగా పట్టాలు అందుకున్న వైద్యులు, నర్సులు మొదట చేపట్టదగిన పని ఇదే.

చనుబాలివ్వడం తల్లికీ మేలు. లావుగా ఉన్నవారు బరువులో 5 నుంచి 10 శాతం తగ్గితే కాలేయంలో కొవ్వు కరుగుతుంది. ఆరో వారంలో చక్కెర మామూలుగా ఉన్నా, ఏడాది నుంచి మూడేళ్లకొకసారి జీవితాంతం పరీక్ష తప్పదు. కాలేయంలో కొవ్వు ఉన్నవారికి ఏటా చేయించడమే మంచిది.