పేరు మార్చితే పాపం మారునా?
(రేడియో ప్రసంగ పాఠం)
వాక్యభాగం: దానియేలు 1:6-7, 3:1-18



బబులోనుకు చెరపట్టబడి వెళ్ళిన యూదా యౌవనస్థులకు అక్కడి అధికారి మొదట ఏమి చేశాడో గమనించారా? పేర్లు మార్చాడు. హనన్యా షద్రకు అయ్యాడు. మిషాయేలు మేషాకు అయ్యాడు. అజర్యా అబేద్నెగో అయ్యాడు. దూరా మైదానంలో బంగారు ప్రతిమ, వాద్యాల ధ్వని, సాగిలపడమనే ఆజ్ఞ, ఇవన్నీ తరువాత వచ్చాయి. ముందు పేరు, తరువాత మోకాలు! లోకం పనిచేసే పద్ధతి ఇదే.

ఇరవయ్యవ శతాబ్దంలో మన ఆసియా ఖండంలోనే ఇలాంటిది జరిగింది. 1910లో జపాను కొరియా దేశాన్ని తన సామ్రాజ్యంలో కలుపుకొంది. రాజధాని పేరు మార్చి కేయిజో అన్నారు. అదే నేటి సియోల్. ఆ నగరంలో నమ్‌సాన్ అనే కొండ ఉంది. దానిమీద కొరియావారు తరతరాలుగా మ్రొక్కుకొనే చిన్న గుడిని 1925లో వేరే కొండకు తరలించారు. అదే సంవత్సరం నమ్‌సాన్ మీద జపాను ప్రభుత్వం గొప్ప షింతో ఆలయాన్ని ప్రతిష్ఠించింది. అక్కడ పూజలందుకొన్నది సూర్యదేవత అమతెరాసు, చనిపోయిన మెయిజీ చక్రవర్తి.

అదే కొండ దగ్గర జపాను నివాసులు అంతకుముందే కట్టుకొన్న మరో ఆలయం నుండి ఏటా అక్టోబరులో దేవతా పల్లకీ నగర వీధుల్లో ఊరేగేది. తమ పండుగను తాము చేసుకోవడం వారి ఇష్టం. పొరుగువాడి పండుగను మనం ఎగతాళి చేయకూడదు. కానీ 1937లో చైనాతో యుద్ధం మొదలయ్యాక ఇష్టం పోయి బలవంతం వచ్చింది. బడిపిల్లలు, ఉద్యోగులు వరుసకట్టి ఆలయానికి వెళ్ళి వంగి నమస్కరించాలి. పిల్లలు చక్రవర్తి ప్రజలమని ప్రమాణం చేయాలి. 1940లో ఇంటిపేర్లు కూడా జపాను పద్ధతిలోకి మార్చుకొమ్మన్నారు. దాదాపు 80 శాతం కుటుంబాలు మార్చుకొన్నాయి.

మరి సంఘం ఏమి చేసింది? ప్రభుత్వం క్రైస్తవులతో ఒక తియ్యని మాట చెప్పింది: ఇది మతం కాదు, దేశభక్తి ఆచారం మాత్రమే అని. 1938 సెప్టెంబరులో ప్యాంగ్యాంగ్ పట్టణంలో ప్రెస్బిటేరియన్ మహాసభ కూడింది. ప్రతినిధుల మధ్య పోలీసులు కూర్చున్నారు. అధ్యక్షుడు తీర్మానానికి ఒప్పుకొనేవారిని మాత్రమే అడిగాడు, వ్యతిరేకించేవారిని అడగనేలేదు. అలా సంఘమే తన నోటితో, ఆ నమస్కారం ఆరాధన కాదని ప్రకటించింది.

ఆ పట్టణంలోనే జు కిచోల్ అనే పాస్టరుగారు ఉన్నారు. ఆయన ఆ కొత్త పేరును ఒప్పుకోలేదు. ఆరాధనను ఆరాధన అనే పిలిచారు. మళ్ళీ మళ్ళీ చెరసాలకు వెళ్ళారు. 1944 ఏప్రిల్ 21న చెరసాలలోనే, 46 ఏళ్ళ వయస్సులో, ప్రభువునందు నిద్రించారు. మరుసటి సంవత్సరం ఆగస్టులో ఆ సామ్రాజ్యం కూలిపోయింది. నమ్‌సాన్ మీది ఆలయాన్ని జపానువారే విప్పివేశారు.

సహోదరీ సహోదరులారా, వంగినవారందరూ దుర్మార్గులని నేను చెప్పడం లేదు. బిడ్డల చదువు, ఉద్యోగం, ప్రాణం. ఆ భయం మనకు తెలియనిదా? పేతురు కూడా చలిమంట దగ్గర భయపడలేదా? అయితే భయంతో పడినవాడు ఏడ్చి లేవగలడు. పడలేదు, ఇది పాపమే కాదు అనుకొనేవాడు ఎలా లేస్తాడు? పాపానికి మర్యాదగల పేరు పెట్టినచోట పశ్చాత్తాపానికి తలుపు మూసుకుపోతుంది.

ఆ తలుపు తెరచిన ఒక వృద్ధుని గురించి వినండి. సియోల్‌లో గొప్ప సంఘాన్ని కట్టిన హాన్ క్యుంగ్ జిక్ పాస్టరుగారికి 1992లో టెంపుల్టన్ బహుమానం వచ్చింది. ఆయనను సన్మానించడానికి జనం కూడారు. ఆ సభలోనే, సుమారు తొంభై ఏళ్ళ వయస్సులో ఆయన లేచి, తాను ఆ ఆలయంలో నమస్కరించిన పాపిని అని ఒప్పుకొన్నారు. ఎవరూ అడగలేదు. అయినా పాపాన్ని దాని అసలు పేరుతో పిలిచారు. పూలదండల కంటే క్షమాపణే ఆయనకు విలువైనదిగా కనబడింది.

ఇప్పుడు మన ఇళ్ళలోకి చూద్దాం. కట్నాన్ని 'కానుక' అంటున్నామా? గుడిలో పెళ్ళి, గుడి బయట బేరం! లంచాన్ని 'మామూలు' అంటున్నామా? ప్రభువు బల్లలో పాలుపొందుతూనే కులాన్ని 'మనవాళ్ళ పద్ధతి' అంటున్నామా? అక్కడ కత్తి పట్టుకొన్న పోలీసు లేడు. మనమే తీర్మానం చేసుకొంటున్నాం, వద్దనేవారిని అడగకుండానే.

పునరుత్థానుడైన ప్రభువు తిబెరియ సముద్రతీరాన పేతురును ద్రోహి అని పిలువలేదు. తల్లిదండ్రులు పెట్టిన పేరుతోనే పిలిచి, ప్రేమను గురించి అడిగి, తన గొర్రెలను అప్పగించాడు. మన పాపానికి సరియైన పేరు మనం పెడితే, మనకు సరియైన పేరు ఆయన పెడతాడు. ఆ పేరు 'నా బిడ్డ'.

ప్రార్థించుకొందాం. ప్రభువా, మా ఆచారాల వెనుక దాగిన విగ్రహాలను మాకు చూపించుము. భయపడినవారిని లేవనెత్తుము. నీకు మాత్రమే వంగే మోకాళ్ళు మాకిమ్ము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.