నాలుగడుగులు ముందుకు: తండా రోజువారీ బతుకు, రేంజ్‌ఫైండర్ కెమెరా

 

మోతె మండలం తండాల నుంచి, సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వైపు నుంచి వచ్చిన మీ ముందు కెమెరాల గురించి నాలుగు మాటలు చెప్పమని మన సంఘం పెద్దలు మమ్మల్ని అడిగారు. మేము నలుగురం, అందరం తండాల్లో పుట్టినవాళ్లమే. కొన్నేళ్లుగా పాత రేంజ్‌ఫైండర్ కెమెరాలతో ఆరుబయట కనిపించే మామూలు పనులను ఫోటో తీస్తున్నాం. పత్తి ఏరడం, కల్లంలో మిర్చి ఆరబోయడం, మేకలు తోలుకుపోవడం, ఖమ్మం రోడ్డు మీద బస్సు కోసం నిలబడడం లాంటివి. చేతిలో ఫోన్ ఉండగా ఈ పాత డబ్బాలెందుకని మీలో చాలామంది అడుగుతుంటారు. ఇవాళ ఆ ప్రశ్నకే జవాబు చెప్తాం.

ముందు మనందరికీ తెలిసిన ఒక సంగతి. తండాలో ఒక ముసలమ్మ కాలం చేస్తుంది. దినానికి ఫ్లెక్సీ కొట్టించాలి, గోడకు దండ వేసే ఫోటో కావాలి. ఇల్లంతా వెతికితే దొరికేది ఆధార్ కార్డు మీది ఫోటో. లేదంటే మనవడి పెళ్లి ఆల్బంలో వెనక వరసలో సగం కనిపించే ముఖం. డెబ్బై ఏళ్లు ఎండలో కష్టపడిన మనిషి పనిలో ఉండగా తీసిన ఫోటో ఒక్కటీ ఉండదు. మన ఫోన్ల నిండా ఫోటోలే. తీజ్ ఆటలున్నాయి, సేవాలాల్ జయంతి ఊరేగింపులున్నాయి, బరాత్‌లున్నాయి, రీల్స్ ఉన్నాయి. మిగతా మూడు వందల రోజులు మాత్రం లేవు.

బయటివాళ్లు తీసినవి లేవా అంటే ఉన్నాయి. 1868 నుంచి 1875 మధ్య లండన్‌లో ‘ద పీపుల్ ఆఫ్ ఇండియా’ అని 8 సంపుటాలు అచ్చయ్యాయి. మనుషులను కులాలవారీగా, తెగలవారీగా ఫోటోలు తీసి అంటించిన పుస్తకాలవి. 1909లో ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణాది కులాలు, తెగల మీద వేసిన 7 సంపుటాల్లో లంబాడీల మీద కూడా ఒక భాగం ఉంది. అలాంటి పుస్తకాల్లో ఫోటో కింద సాధారణంగా ఉండేది తెగ పేరే. ఆమె ఎవరి బిడ్డ, ఏ తండా, ఆ రోజు ఏం పని చేస్తోంది అన్నది ఉండదు.

హైమండార్ఫ్ పద్ధతి వేరు. 1940 నుంచి నిజాం రాజ్యంలో చెంచుల మధ్య, కొండరెడ్ల మధ్య, గోండుల మధ్య ఉండి రాశాడు, ఫోటోలు తీశాడు. ఆయన తీసిన ఫోటోలు లండన్‌లోని సోయాస్ సంస్థలో భద్రంగా ఉన్నాయి. ఉట్నూరు వైపు గోండు పిల్లవాడు తన తాతల కాలం ఎలా ఉండేదో వాటిలో చూసుకోవచ్చు. మన మోతె వైపు తండాలకు ఆ పని చేయాల్సింది మనమే. మనకైతే భాష అడ్డం రాదు, దుబాసీ అక్కర్లేదు.

ఇక కెమెరా సంగతికి వద్దాం.

రేంజ్‌ఫైండర్ అంటే దూరం కొలిచే ఏర్పాటు. కెమెరా ముందువైపు ఎడంగా రెండు చిన్న కిటికీలుంటాయి. వెనక నుంచి కన్ను పెట్టి చూస్తే మధ్యలో ఒక చిన్న వెలుగు మచ్చ ఉంటుంది. అందులో ఎదుటి వస్తువు రెండుగా కనిపిస్తుంది. లెన్స్ మీది రింగు తిప్పుతుంటే ఆ రెండు బొమ్మలూ దగ్గరికొచ్చి ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. అప్పుడు ఫోకస్ కుదిరినట్టు. జర్మనీలో ఆస్కార్ బార్నాక్ తయారుచేసిన లైకా 1925లో లైప్‌జిగ్ వాణిజ్య ప్రదర్శనలో జనం ముందుకొచ్చింది. లెన్స్‌తో కలిసి కదిలే రేంజ్‌ఫైండర్ 1932లో లైకా 2తో వచ్చింది. ఫ్రెంచ్ ఫోటోగ్రాఫర్ కార్టియే-బ్రెసాన్ లైకా పట్టుకునే మన దేశానికి వచ్చాడు. 1948 జనవరిలో గాంధీజీ చివరి రోజులను, అంతిమయాత్రను తీశాడు. ఆయన ఎక్కువగా వాడింది 50 మిల్లీమీటర్ల లెన్స్ ఒక్కటే.

లైకా ధర మనకు అందదు. మా దగ్గరున్నవి రెండు సెకండ్‌హ్యాండ్ కెమెరాలు. ఒకటి సోవియట్ జోర్కీ-4, దీనికి లెన్సులు మార్చుకోవచ్చు. రెండోది జపాన్ యాషికా ఎలక్ట్రో 35. అది 1966లో వచ్చిన మోడల్, 45 మిల్లీమీటర్ల లెన్స్ దానికే బిగించి ఉంటుంది.

ఈ కెమెరాల్లో మనం లెన్స్ గుండా చూడం, పక్కనున్న కిటికీ గుండా చూస్తాం. దీనివల్ల ఒక లాభం, ఒక చిక్కు ఉన్నాయి. యాషికా కిటికీలో ఫోటోలోకి వచ్చే మేరకు వెలుగు గీతల చట్రం ఉంటుంది, ఆ చట్రం బయట కూడా కొంత కనిపిస్తుంది. గట్టు మీద నుంచి బర్రె వస్తోందా, వెనకాల పిల్లాడు పరుగెత్తుకొస్తున్నాడా అన్నది ముందే తెలుస్తుంది. సరిగ్గా లోపలికి అడుగుపెట్టగానే నొక్కొచ్చు. ఇక చిక్కేమిటంటే, లెన్స్ మూత తీయకపోయినా కిటికీలో అంతా బాగానే కనిపిస్తుంది. అందుకే మూత తీసి జేబులో వేసుకున్నాకే కెమెరా ఎత్తండి. జోర్కీకి ఇంకో నియమం ఉంది. ఫిల్ము తిప్పిన తర్వాతే షట్టర్ వేగం మార్చాలి, లేదంటే లోపలి పళ్లు పాడవుతాయి.

లెన్స్ అంటే మనిషికి ఎంత దూరంలో నిలబడాలో నిర్ణయించుకోవడం. జోర్కీకి మేము మూడు లెన్సులు వాడతాం. 35 మిల్లీమీటర్లది కల్లం కోసం. పది మంది ఆడవాళ్లు మిర్చి ఏరుతుంటే రెండు మూడు మీటర్ల దూరంలో నిలబడాలి. అప్పుడు చేతులు, కుప్ప, వెనక వేపచెట్టు, దాని కింద ఊగే ఉయ్యాల అన్నీ వస్తాయి. 50 లెన్స్ ఇద్దరు మనుషుల మాటకు బాగుంటుంది, అరుగు మీద నాయక్, ఎదురుగా కారోబారి కూర్చున్నప్పుడు లాగ. 85 ముఖానికి, చేతులకు. ఒకటి గుర్తుంచుకోండి. జోర్కీ కిటికీ 50కి సరిపోయేది. 35కి, 85కి పైన వేరే చిన్న కిటికీ తగిలించుకోవాలి.

135 దాటితే రేంజ్‌ఫైండర్‌తో పని జరగదు, అంత దూరానికి ఫోకస్ నమ్మకంగా కుదరదు. దీన్ని లోపమంటారు. మాకు మాత్రం ఇందులోనే మేలు కనిపించింది. రోడ్డు మీద కారు ఆపి, చేలో వంగిన మన తల్లిని పొడవాటి లెన్స్‌తో లాగి తీసుకుపోయేవాళ్లను మీరూ చూసే ఉంటారు. ఆమెకు తన ఫోటో తీశారని కూడా తెలియదు. ఈ కెమెరాతో అలా తీయలేం. గట్టు దిగి, చెప్పులు చేతపట్టుకుని, ఆమె ముందుకు వెళ్లి నిలబడాలి. అక్కడిదాకా వెళ్లాక “యాడీ” అని పిలవకుండా ఎట్లా ఉంటాం?

వెలుతురు లెక్క తేలికే. 400 వేగం ఫిల్ముతో, మబ్బులేని ఎండలో, షట్టర్ 1/500, ఎపర్చర్ 16. కానీ మన అవ్వలు టుక్రి నుదుటి మీదికి లాక్కుంటారు, ముఖం నీడలో ఉంటుంది. ఆకాశాన్ని చూసి లెక్క కడితే ముఖం నల్లగా పోతుంది. రెండు మెట్లు తెరిచి ఎపర్చర్ 8 పెట్టండి. ఆ 8 దగ్గరే 35 లెన్స్‌ను 5 మీటర్లకు ఫోకస్ చేసి వదిలేస్తే సుమారు రెండున్నర మీటర్ల నుంచి దిగంతం దాకా తేటగానే వస్తుంది. ఇక రింగు తిప్పే పనిలేదు, మనిషి వైపు చూస్తూ ఉండొచ్చు. కాంచళి, పేటియా మీది అద్దాలు ఎండకు తళుక్కుమని ముఖాన్ని మింగేస్తుంటే మీరు అరడుగు పక్కకు జరగండి. ఆమెను జరగమనకండి, ఆమె పనిలో ఉంది. మే నెలలో ఫిల్ము బండి డిక్కీలో ఉంచకండి. జోర్కీని మూత లేకుండా సూర్యుడి వైపు పెట్టి వదిలేయకండి, గుడ్డ షట్టర్‌కు చిల్లు పడుతుంది.

ఫిల్ముకు 36 ఫోటోలే. అందుకని తీసే ముందు కాసేపు కూర్చుంటాం, మాట్లాడతాం. ఇప్పుడు మీ ఫోన్ సంగతి. ఫోన్‌లోని మామూలు లెన్స్ 35 కంటే కూడా వెడల్పుగా చూస్తుంది. వేళ్లతో జూమ్ చేయకుండా నాలుగడుగులు ముందుకు నడిస్తే మీ ఫోన్ కూడా ఇదే పని చేస్తుంది. కెమెరా కొనుక్కున్నాకే మొదలుపెడదామని కూర్చోకండి.

మేము పాటించే కట్టుబాట్లు నాలుగున్నాయి. మొదటిది, గోర్ బోలిలో అడిగే తీయాలి. వద్దంటే వద్దే, ఎందుకని తిరిగి అడగకూడదు. రెండోది, స్నానం, ఏడుపు, తాగి పడిపోయిన మనిషి, వీటి జోలికి పోకూడదు. మూడోది, ఆడపిల్లల ఫోటోలు వాళ్ల మాట, ఇంటివాళ్ల మాట లేకుండా వాట్సాప్‌లో గానీ, ఇన్‌స్టాలో గానీ పెట్టకూడదు. నాలుగోది అన్నింటికంటే ముఖ్యం. మొదటి ప్రింట్ ఆ మనిషి చేతికే ఇవ్వాలి. రెండో ప్రింట్ వెనక పెన్సిల్‌తో పేరు, తల్లిదండ్రుల పేర్లు, తండా, తేదీ, చేస్తున్న పని రాసి దాచాలి. ప్రింట్ ఇవ్వడానికి వెళ్లినప్పుడే అసలు కథలు బయటపడతాయి. ఈ పేటియా ఎవరు కుట్టారు, ఈ బావి ఎప్పుడు తవ్వారు, ఏ కరువులో ఎక్కడికి వలస పోయారు, అన్నీ చెప్తారు. అవీ రాసుకోండి.

ఎందుకింత తొందర పెడుతున్నామో చూడండి. రోజూ పేటియా, కాంచళి, టుక్రి కట్టుకుని చేలోకి పోయే అవ్వలు మీ తండాలో ఇప్పుడు ఎంతమంది ఉన్నారో వేళ్ల మీద లెక్కపెట్టండి. వాళ్ల మనవరాళ్లు తీజ్ నాడు అద్దెకు తెచ్చుకుని కట్టుకుంటున్నారు. అది తప్పని మేము అనడం లేదు. బట్ట మారుతుంది, పని మారుతుంది. ఎడ్లబండి పోయి ట్రాక్టర్ వచ్చింది, కలుపు తీసే చేతుల చోటికి మందు కొట్టే డబ్బా వచ్చింది. 2018లో మన తండాలు ఎన్నో గ్రామపంచాయతీలయ్యాయి. సర్పంచి కుర్చీలో మనవాళ్లు కూర్చున్న రోజులు కూడా ఇప్పుడు తీయకపోతే రేపు దొరకవు. మారకముందు ఎలా ఉండేది, ఎలా మారింది, రెండూ ఉంటేనే మన పిల్లలకు మన కథ తెలుస్తుంది.

అందుకని ఒక్కటే అడుగుతున్నాం. ఈ పత్తి ఏరే కాలంలో ప్రతి ఒక్కరూ ఒక మనిషిని ఎంచుకోండి. మీ నాయనమ్మ కావచ్చు, పక్కింటి మేకల తాత కావచ్చు. నెలకో రోజు వాళ్లతో చేలోకి వెళ్లండి. ఏడాదికి పన్నెండు మంచి ఫోటోలు, వెనక పేర్లతో. రెండు ప్రింట్లు వేయించండి. ఒకటి వాళ్లింటి గోడకు, వాళ్లు బతికుండగానే. రెండోది మన సంఘం పెట్టెలోకి.

రామ్ రామ్.