కుంగిన హృదయం అవిశ్వాస హృదయం కాదు

 

 

మన ఇళ్లలో ఒక మాట తరచుగా వినిపిస్తూ ఉంటుంది. ఎవరైనా వారాల తరబడి దిగులుగా, ఎవరితోనూ మాట్లాడక, అన్నం సహించక, నిద్రపట్టక ఒక మూల కూర్చుని ఉంటే పెద్దవారు వెంటనే ‘మాయూసీ కుఫ్ర్ హై’ అంటారు. నిరాశ అవిశ్వాసమని దాని అర్థం. అంటున్నవారి ఉద్దేశం మంచిదే. కాని వింటున్నవాని గుండెపై అంతకుముందున్న బరువుకు మరొక బరువు తోడవుతుంది. ‘నా ఆరోగ్యం పోయింది, ఇప్పుడు నా ఈమాన్ కూడా పోయిందా?’ అని అతడు లోలోపల భయపడతాడు.

ఆ మాట నిరాధారమని మేము అనడం లేదు. దాని మూలం దివ్య ఖుర్ఆన్‌లోనే, సూరా యూసుఫ్ 87వ ఆయతులో ఉన్నది. అల్లాహ్ కారుణ్యం పట్ల నిరాశ చెందరాదని, అలా నిరాశ చెందేవారు అవిశ్వాసులేనని అక్కడ వచ్చింది. అయితే ఆ మాట పలికినవారు ఎవరు? హజ్రత్ యాఖూబ్ (అ). అప్పటికి ఆయన కన్నులు ఏ స్థితిలో ఉన్నాయి? కేవలం మూడు ఆయతుల ముందు, 84వ ఆయతులో, కుమారుని కోసం దుఃఖించి దుఃఖించి ఆయన కన్నులు తెల్లబడిపోయాయని అల్లాహ్ తెలియజేస్తున్నాడు. నిరాశ చెందకండని బోధించిన నోరూ, శోకంతో చూపు కోల్పోయిన కన్నులూ ఒకే వ్యక్తివి. ఆయన దైవప్రవక్త. ఆయన ఈమాన్‌లో లోపమున్నదని ఏ ముస్లిమూ అనజాలడు.

నడుమ ఉన్న రెండు ఆయతులను కూడా చూడండి. 85వ ఆయతులో కుమారులు తండ్రిని మందలిస్తారు. ఇలా యూసుఫ్‌నే తలచుకుంటూ ఉంటే మీరు క్షీణించిపోతారు, ప్రాణమే పోగొట్టుకుంటారు అంటారు. ఈనాడు మన ఇళ్లలో వినిపించే మందలింపుకూ దానికీ తేడా ఎంత? ఆయన వారితో వాదించలేదు. నా వేదనను, నా దుఃఖాన్ని అల్లాహ్‌కే మొరపెట్టుకుంటున్నానని మాత్రం అన్నారు. ఆ తరువాతనే, వెళ్లి యూసుఫ్‌ను, అతని తమ్ముణ్ణి వెతకండని కుమారులను పంపారు. నిరాశ చెందకండన్నది ఆ వెతుకులాటకు పంపుతూ చెప్పిన మాట. రోగిని నోరు మూయించడానికి మనం దానిని వాడుతున్నాము. యాఖూబ్ (అ) దానిని ఆరోగ్యవంతులైన కుమారులకు చెప్పారు, వారిని లేపి నడిపించడానికి.

కనుక తేడా గ్రహించండి. అల్లాహ్ ద్వారం మూసుకుపోయిందని తెలిసి తెలిసి తీర్మానించుకోవడం నిషిద్ధం. మనిషి కోరి తెచ్చుకోని భారం గుండెపై పడడం పాపం కాదు, అది పరీక్ష. వ్యాధిగ్రస్తుడు ‘నాకు ఇక ఏ దారీ లేదు’ అంటే అది తీవ్ర జ్వరంలో పలవరింత వంటిది. జ్వరంలో పలికిన మాటకు ఎవరమైనా ఫత్వా ఇస్తామా? ప్రసవ వేదనలో హజ్రత్ మర్యం (అ), ఇంతకుముందే మరణించి ఉంటే బాగుండునని అన్నారు. సూరా మర్యంలో ఆ మాట భద్రంగా ఉన్నది. మందలింపు లేదు. కింద నీటి ఊట ఉన్నది, ఖర్జూరపు చెట్టును కదిలించు, తిను, తాగు అన్న ఊరడింపు ఉన్నది. మనకు దగ్గరలోనే, రెడ్‌హిల్స్‌లోని నిలోఫర్ ఆసుపత్రిలో ప్రతిదినం బిడ్డలు పుడుతున్నారు. కాన్పు తరువాత కొందరు తల్లులను కమ్ముకునే దిగులును ‘నఖరా’ అని తోసిపుచ్చే అత్తగార్లు, భర్తలు ఈ సూరాను ఒకసారి చదువుకోవాలి.

సోదరులారా! మదీనాలో జరిగిన ఒక సంఘటనను నేడు కాస్త నిదానంగా విందాము. సాబిత్ బిన్ ఖైస్ (రజి) అన్సారుల వక్త. సహజంగానే ఆయనది పెద్ద గొంతు. ప్రవక్త (స) స్వరానికి మించి స్వరం పెంచరాదని, లేకుంటే కర్మలు వ్యర్థమైపోగలవని సూరా హుజురాత్‌లో ఆదేశం వచ్చింది. అది తన గురించేనని ఆయన భావించారు. ఇంట్లో తల వంచుకుని కూర్చుండిపోయారు. నా కర్మలు మట్టిలో కలిశాయి, నేను నరకవాసిని అనుకున్నారు. మస్జిదుకు రావడం మానేశారు.

దైవప్రవక్త (స) గమనించారు. సహీహ్ ముస్లింలోని ఉల్లేఖనం ప్రకారం సఅద్ బిన్ ముఆజ్ (రజి)ను పిలిచి, సాబిత్ ఎలా ఉన్నాడు, జబ్బు చేసిందా అని అడిగారు. ఆయన నా పొరుగువాడే, జబ్బు చేసినట్లు నాకు తెలియదు అని సఅద్ (రజి) బదులిచ్చారు. ఎంతటి సహాబీ ఆయన! అయినా గోడ అవతల మనిషి కుంగిపోతున్న సంగతి ఆయనకు తెలియలేదు. అప్పుడు వెళ్లి కనుక్కున్నారు. తిరిగివచ్చి విషయం చెప్పారు. నీవు నరకవాసివి కావు, స్వర్గవాసివి అన్న శుభవార్తను ప్రవక్త (స) ఆయనకు పంపారు. ‘జమాఅత్ ఎందుకు తప్పుతున్నావు?’ అన్న ప్రశ్న ఆ ఉల్లేఖనంలో ఎక్కడా లేదు.

మన ఆబిడ్స్, నాంపల్లి జమాఅత్‌ను తలచుకోండి. జగదీశ్ మార్కెట్‌లో ఫోన్లు బాగుచేసేవారు, బట్టల దుకాణాల్లో సాయంత్రం వరకు నిలబడే సేల్స్‌మెన్, క్రిమినల్ కోర్టులో వాయిదాకు వచ్చినవారు, స్టేషనులో బండి దిగి నేరుగా వచ్చినవారు, క్యాన్సర్ ఆసుపత్రిలో రోగిని పడుకోబెట్టి వచ్చిన బంధువులు మన సఫ్‌లలో ఉంటారు. భుజానికి భుజం తగులుతుంది, పేరు తెలియదు. సలాం తిప్పగానే చెప్పులు వెతుక్కుని దుకాణానికి పరుగు. ఇటువంటి చోట ఒక మనిషి నాలుగు జుమాలు రాకపోతే ఎవరికి తెలుస్తుంది?

రాకపోవడమే గుర్తు అనుకోకండి. సుననె అబూ దావూద్‌లో అబూ ఉమామా అనే అన్సారీ సహాబీ (రజి) ప్రస్తావన ఉన్నది. నమాజు వేళ కాని వేళ మస్జిదులో కూర్చుని ఉన్న ఆయనను ప్రవక్త (స) చూసి కారణం అడిగారు. చింతలు, అప్పులు అని ఆయన చెప్పారు. అప్పుడు ప్రవక్త (స) ఉదయం, సాయంత్రం పఠించడానికి ఒక దుఆ నేర్పారు. ఈ ఉల్లేఖన పరంపరపై హదీసువేత్తలకు అభ్యంతరం ఉన్నది, కాని ఆ దుఆ పదాలు అనస్ (రజి) ద్వారా సహీహ్ బుఖారీలో స్థిరపడి ఉన్నాయి. అందులో హమ్మ్, హజన్ అని రెండు పదాలు వస్తాయి. మొదటిది రాబోయేదాని గురించిన ఆందోళన, రెండవది గడిచినదాని గురించిన దుఃఖమని వ్యాఖ్యాతలు వివరించారు. ఆ వెంటనే అశక్తత, సోమరితనం, చివరకు అప్పుల భారం, మనుషుల దౌర్జన్యం. నుమాయిష్‌లో స్టాలు కోసం వడ్డీకి తెచ్చిన సొమ్ము, లోన్ యాప్ వారి బెదిరింపు ఫోన్లు ఈ చివరి రెండింటిలోకే వస్తాయి. జుహర్ ముగిసినా అసర్ వరకు స్తంభానికి ఆనుకుని కూర్చునే వ్యక్తిని మనం భక్తుడు అనుకుని దాటిపోతాము. అతడు ఇంటికి పోలేక కూర్చున్నాడేమో.

ఇక చికిత్స విషయం. ఈ రోగాన్ని పాశ్చాత్యులు కనిపెట్టారని కొందరు అంటారు. హిజ్రీ 322లో, అంటే క్రీ.శ. 934లో మరణించిన అబూ జైద్ బల్ఖీ అనే ముస్లిం విద్వాంసుడు ‘మసాలిహుల్ అబ్దాన్ వల్ అన్‌ఫుస్’ అనే గ్రంథంలో దుఃఖాన్ని రెండుగా విభజించారు. కారణం తెలిసినది ఒకటి, కారణం తెలియక శరీరంలోని మార్పు వలన కలిగేది మరొకటి. రెండవదానికి శరీర వైద్యం చేయాలన్నారు. ప్రతి వ్యాధికీ అల్లాహ్ మందు సృష్టించాడు, వైద్యం చేయించుకోండి అన్న ప్రవక్త (స) ఆదేశం తిర్మిజీ, అబూ దావూద్‌లలో ఉన్నది. అందులో మనసును మినహాయించలేదు.

రెండు వారాలకు మించి దాదాపు ప్రతిదినం దిగులు, దేనిపైనా ఆసక్తి లేకపోవడం, నిద్ర, ఆకలి తారుమారు కావడం, నేను పనికిరానివాడినన్న భావన ఉంటే వైద్యుణ్ణి చూడాలి. ప్రపంచవ్యాప్తంగా కోట్లాది మందికి ఈ వ్యాధి ఉన్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఉస్మానియా, గాంధీ ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలు ఉన్నాయి. ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నది. మన నగరంలో ఆ ఊరి పేరునే తిట్టుగా మార్చుకున్నాము, ‘వీడిని ఎర్రగడ్డకు పంపాలి’ అని నవ్వుకుంటాము. ఆ నవ్వు విన్న రోగి ఇక నోరు విప్పడు. పరిహాసం చేయరాదని అదే సూరా హుజురాత్‌లో ఉన్నది. మందులు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. కాస్త తేరుకోగానే సొంతంగా ఆపివేయరాదు. రంజాన్‌లో మందుల వేళలు మార్చవచ్చునా అని వైద్యుణ్ణే అడగండి. కుదరదంటే, రోగికి ఉపవాసంలో ఇచ్చిన సడలింపు సూరా బఖరాలోనే ఉన్నది.

ఖుర్ఆన్ ఆయతులు పఠించి ఊదుకోవడం ధర్మసమ్మతమే, మేమూ చేస్తాము. కాని జిన్ను పట్టిందని చెప్పి వేల రూపాయలు గుంజి, డాక్టరు మందులు పారవేయించే తావీజుల వ్యాపారిని నమ్మకండి. అతడు మీ రోగిని మరో ఆరు నెలలు వెనక్కి తోస్తాడు.

ప్రతిదినం గడవడం ఎలా అని కొందరు మమ్మల్ని అడుగుతారు. పెద్ద సంకల్పాలు వద్దు. స్వల్పమైనా నిరంతరం చేసే కర్మే అల్లాహ్‌కు అత్యంత ప్రియమైనదని హదీసు. లేవలేని రోజున కూర్చుని నమాజు చేయండి, అదీ కాకుంటే పడుకుని. ఫజర్ తరువాత బాగె ఆమ్‌లో ఒక చుట్టు నడవండి, ఇంకొకరిని వెంట తీసుకుని. ఇషా తరువాత ముచ్చట్లను ప్రవక్త (స) ఇష్టపడలేదు. నేడు ఆ ముచ్చట్లు ఫోనులోకి వచ్చాయి, రాత్రి రెండింటి వరకు సాగుతున్నాయి. ఇంట్లో ఎవరైనా చనిపోయినప్పుడు హజ్రత్ ఆయిషా (రజి) బార్లీతో తల్‌బీనా అనే పలుచని జావ వండించేవారు. అది రోగి హృదయానికి ఊరట, దుఃఖాన్ని కొంత తగ్గిస్తుందని ప్రవక్త (స) చెప్పినట్లు బుఖారీలో ఉన్నది. ‘కొంత’ అన్నారు, గమనించండి. గిన్నెడు జావ వండి ఇవ్వడం ఉపన్యాసం ఇవ్వడం కంటే మేలని మా అభిప్రాయం.

ఒక కఠినమైన మాట చెప్పక తప్పదు. ‘నేను లేకుంటేనే ఇంటివారికి మేలు’ అని ఎవరైనా అంటే తేలికగా తీసుకోకండి, గద్దించకండి. ప్రాణం తీసుకోవడం హరాం అని అతనికీ తెలుసు. అతణ్ణి ఒంటరిగా వదలకండి, వెంటనే వైద్యుని వద్దకు తీసుకువెళ్లండి. 14416 నంబరుకు రాత్రింబవళ్లు ఎప్పుడైనా ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. 2022 అక్టోబరులో ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ సేవ అది. ఆత్మహత్యకు యత్నించిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలని 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం చెబుతున్నది, కనుక కేసు భయంతో ఆసుపత్రికి దూరం కాకండి. అలా ఎవరినైనా ఇప్పటికే కోల్పోయిన కుటుంబం ఇక్కడ ఉంటే, హనఫీ ఫిఖ్హ్‌లో ఫత్వా వారికి జనాజా నమాజు చేయాలనే. వారి మన్నింపు కోసం దుఆ చేయండి, ఆ ఇంటివారితో సంబంధం తెంచుకోకండి.

అల్లాహ్ మనలోని రోగులందరికీ స్వస్థత ప్రసాదించుగాక! వారిని కనిపెట్టుకుని ఉన్నవారికి ఓర్పును ఇచ్చుగాక! ఆమీన్.

నేడు సున్నతులు ముగించాక చెప్పులు వేసుకునే ముందు, మీ పక్కన ఎప్పుడూ నిలిచే వ్యక్తి ఈ నెలలో కనిపించాడా అని తలచుకోండి. కనిపించకుంటే ఫోను చేసి ఎలా ఉన్నారని అడగండి. అసర్ నుండి మగ్రిబ్ వరకు మేము మస్జిదులోనే ఉంటాము. వైద్యుని వద్దకు ఒంటరిగా పోవడానికి జంకేవారు చెబితే వెంట వస్తాము.