మూత్రపిండంలో రక్తం పారే తీరు
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

నేను డాక్టరును కాను, ఫైళ్లు మోసిన గుమాస్తాను. చూసినది చెబుతాను.

శామీర్‌పేటలో ఉండే మా తమ్ముడికి కొన్నేళ్ల క్రితం, బ్రెయిన్‌డెడ్ అయిన ఒక దాత మూత్రపిండం అమర్చారు. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో మొదలైన జీవన్‌దాన్ పథకం కింద అది వచ్చింది. దాత నుంచి తీసిన మూత్రపిండాన్ని ప్రత్యేక ద్రావణంలో, సుమారు 4 డిగ్రీల చల్లదనంలో ఉంచి తెస్తారు. ఒక రోజు దాకా ఆగుతుంది. ఆపరేషను బాగానే జరిగింది గాని నాలుగు రోజులైనా మూత్రం రాలేదు. డయాలిసిస్ ఆగలేదు. "పాడైన కిడ్నీ పెట్టారేమో బావగారూ" అని మరదలు ఒకటే ఏడుపు.

అప్పుడు రేడియోధార్మిక పరీక్ష చేస్తామన్నారు. ఆ మాట వినగానే మాకు బాంబే గుర్తొచ్చింది! అక్కడి డాక్టరమ్మ ఓపికగా చెప్పింది. టెక్నీషియం-99ఎం అనే పదార్థాన్ని డీటీపీఏ అనే మందుకు జతచేసి చేతి నరంలోకి ఎక్కిస్తారు. 6 గంటలకు దాని శక్తి సగమవుతుంది. అది పోయినచోటల్లా గామా కిరణాలు వదులుతుంది, బయటనున్న కెమెరా వాటిని పట్టుకుంటుంది. నాకు ఇట్టే అర్థమైంది. మన ఆఫీసులో కాగితానికి కరెంటు నంబరు వేస్తే అది ఏ సెక్షనులో ఎన్నాళ్లు పడుకుందో తెలియదూ? అంతే. (మన పెన్షను కాగితాలకు మాత్రం ఏ కెమెరా చాలదు.)

మొదటి నిమిషంలో సెకండ్ల తేడాతో బొమ్మలు తీస్తారు. కాలికి పోయే పెద్ద ధమనితోపాటే కొత్త మూత్రపిండమూ వెలిగితే రక్తం పారుతున్నట్టు. ఆ చోటు ఖాళీగా ఉంటే రక్తనాళం మూసుకుపోయిందేమోనని భయం. మా వాడిది వెలిగింది. కాని మందు మూత్రాశయంలోకి దిగలేదు. "రక్తం అందుతోంది, లోపలి సన్న గొట్టాలే దెబ్బతిని ఇంకా తేరుకోలేదు. చల్లదనంలో గడిపిన గంటల వల్ల ఇలా అవుతుంటుంది. ఆగుదాం" అన్నారు.

ఒంట్లో పెట్టకముందే చూడరాదా అని నాకు సందేహం. 1967లో అమెరికాలో బెల్జర్ అనే సర్జను కుక్క మూత్రపిండాలలో యంత్రంతో ద్రవం పారిస్తూ 72 గంటలు కాపాడాడు. అటువంటివాటిలో ప్రవాహం కొలవడానికి పరిశోధకులు జినాన్-133 అనే రేడియోధార్మిక వాయువును వాడారు. అది ఎంత త్వరగా కొట్టుకుపోతే ప్రవాహం అంత బాగున్నట్టు. ఇప్పుడు యంత్రం ఉన్నచోట అది చూపే పీడనం, ప్రవాహం అంకెలనే గమనిస్తారు.

పన్నెండో రోజున మూత్రం వచ్చింది. మరదలు ఫోనులో ముందు ఎన్ని మిల్లీలీటర్లో చెప్పి, ఆ తర్వాత ఏడ్చింది. దాత ఎవరో మాకు చెప్పలేదు. జీవన్‌దాన్ ఫారం నేను నింపాను. మా ఆవిడ ఇంకా ఆలోచిస్తోంది.